అయిదు వాట్ల మహానాదము: పాల్ క్లిప్ష్ జీవితము

శంఖమును పూరించువాడు దాని మొనయందు ఊదును గాని, నాదము వెలువడునది దాని విశాలమైన నోటినుండి. పెండ్లి సన్నాయికిని, జాతరలోని కొమ్ముబూరకును ఇదియే న్యాయము. సన్ననిచోట పుట్టిన ధ్వని క్రమక్రమముగా వెడల్పగుచు పోయి, వెలికి వచ్చునప్పటికి ఊరంతకును వినవచ్చును. ఊదువాని ఊపిరి మాత్రము ఒక్క మనుజుని ఊపిరియే. ఈ సంగతి మన పూర్వులకు అనాదినుండి తెలియును. ఇరువదవ శతాబ్దమున, విద్యుచ్ఛక్తి పెరిగి యంత్రములు బలిసిన దినములలో, ఈ పాత న్యాయమునే పట్టుకొని, జీవితమంతయు దానికే ధారపోసి, స్వల్పమైన శక్తితో నూరుమంది వాయించు వాద్యబృందమును ఒక గృహస్థుని గదిలోనికి రప్పించిన శిల్పి పాల్ విల్బర్ క్లిప్ష్. ఆయన అమెరికా దేశీయుడు. కీర్తిశేషుడై ఇరువది సంవత్సరములు దాటినవి.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దేశాంతరమునందలి ఈ యంత్రశిల్పి చరిత్రమేల యని పాఠకులు అడుగవచ్చును. దానికి నాయొద్ద ఒక సమాధానము కలదు. కొన్నియేండ్ల క్రిందట మన గ్రంథాలయ వార్షికోత్సవమునకు హరికథ ఏర్పాటు చేసితిమి. పాత మైకుసెట్టు చిన్నదని తలచి, దానికి పదిరెట్లు వాట్లు గల సెట్టును అద్దెకు తెప్పించితిమి. ఆ ఖర్చు చీటిమీద సంతకము చేసినవాడను నేనే. నాటి రాత్రి ధ్వని పొరుగూరి పొలిమేర దాకా పోయినది గాని, ముందు వరుసలో కూర్చున్న వృద్ధులకు దాసుగారి పద్యములో ఒక్క మాటయు తెలియలేదు. పసిపిల్లలు చెవులు మూసికొనిరి. ఆదిభట్ల నారాయణదాసుగారి కాలమున మైకులేని పందిళ్లలో వేలమంది హరికథలు వినిరే, పదిరెట్ల శక్తి కొనితెచ్చిన మాకు ఇట్లేల జరిగెనని ఆనాటినుండి విచారించుచుంటిని. ఆ విచారణలో నాకు తారసపడినవాడు క్లిప్ష్.

పాల్ క్లిప్ష్ 1904 మార్చి 9వ తేదీన ఇండియానా రాష్ట్రమునందలి ఎల్క్‌హార్ట్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము బాకాలు, బూరలు మున్నగు ఇత్తడి వాద్యముల తయారీకి అమెరికాయందు పేరెన్నిక గన్నది. మరియొక విశేషము గలదు. ఆ 1904వ సంవత్సరముననే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఫ్లెమింగ్ మొదటి రేడియో వాల్వును కనిపెట్టెను. రెండేండ్లకు లీ డి ఫారెస్ట్ దానిలో మూడవ భాగమైన తీగవలను చేర్చెను. అందుచేత కొమ్మునకును, వాల్వునకును జీవితాంతము పెండ్లి చేయింపబోవు బాలుడు కొమ్ముల ఊరిలో, వాల్వు పుట్టిన యేడు పుట్టినట్లైనది.

తండ్రి యంత్రశాస్త్రము బోధించు పండితుడు. పాల్ పండ్రెండేండ్లవాడై యుండగా ఆయన గతించెను. పిమ్మట బాలుడు తల్లితో టెక్సాస్ రాష్ట్రమునందలి ఎల్ పాసో పట్టణము చేరెను. అమెరికాయందు క్రమముగా రేడియో ప్రసారములు మొదలగుటకు ఒక సంవత్సరము పూర్వమే, అనగా 1919లోనే, ఈ బాలుడు తన చేతులతో ఒక రేడియో గ్రాహకయంత్రమును కట్టెను. న్యూ మెక్సికో రాష్ట్రపు వ్యవసాయ యంత్రకళా కళాశాలలో విద్యుద్యంత్రశాస్త్రము చదివి 1926లో పట్టము పొందెను. అచ్చట చదువుకొనునపుడు కళాశాల బ్యాండులో కార్నెట్ అను బూరను వాయించెడివాడు. లోహపు కొమ్ము తన పెదవులయొద్ద ఎట్లు పలుకునో, పదిమంది వాద్యకారుల నడుమ కూర్చున్నవానికి సంగీతము ఎట్లు వినవచ్చునో ఆయన స్వానుభవమున ఎరిగినవాడు. పిమ్మటి కాలమున తన యంత్రములను పరీక్షించునపుడు ఆయనకు ఈ అనుభవమే గీటురాయి అయ్యెను.

చదువు ముగియగనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కొంతకాలము పనిచేసెను. అటుపై దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు పోయి, నత్రలవణపు గనుల రైలుమార్గమున విద్యుత్ ఇంజనుల పోషణ చూచెను. రైలింజనులపై మక్కువ ఆయనను ఎన్నడును విడువలేదు. 1931లో స్వదేశమునకు మరలివచ్చి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరి, 1934లో ఇంజనీరు పట్టమును పొందెను. తరువాత టెక్సాస్‌లో భూగర్భమున చమురు జాడలు వెదకు భూభౌతిక శాస్త్రజ్ఞుడుగా జీవించెను. ఇంజనులు, చమురు, తుపాకులు, విమానములు: ఆయన చేయి పెట్టని విద్య అరుదు. వీనియన్నిటి వెనుక ఎడతెగక సాగినది ధ్వనివిచారము.

ఆ దినములలో ఆ విద్య ఏ స్థితియందుండెనో కొంచెము తెలిసికొనవలెను. వాల్వు అనునది గాజుబుడ్డి. దానియందలి తీగ ఎఱ్ఱగా కాగినపుడు సూక్ష్మమైన విద్యుత్కణములు వెలువడి, ఎదుటనున్న రేకువైపు పరుగెత్తును. నడుమనున్న తీగవల ఆ ప్రవాహమును అదుపుచేయును. కాలువ తూముయొద్ద ఒక్క మనుష్యుడు చేతితో మరను తిప్పినచో నూరెకరముల నీరు పెరుగుట తరుగుట జరుగును గదా. అటులనే మైకునుండి వచ్చిన బలహీనమైన సంకేతము తీగవలను తాకి, పెద్ద ప్రవాహమును తనవలెనే ఆడించును. ఇదియే ఆంప్లిఫయర్. ఐతే ఆనాటి వాల్వులు ఇచ్చు శక్తి చాల స్వల్పము. 45 అను పేరుగల వాల్వు ఒక్కటి 2 వాట్లకు మించి ఇయ్యదు. 2ఏ3 అనునది మూడున్నర వాట్లు. సినిమాశాలల కొరకు వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ చేసిన 300బి అను ప్రసిద్ధమైన వాల్వు దాదాపు 8 వాట్లు. పూర్వము పందిటిలో వెలిగిన చిన్న తీగదీపము కూడ అంతకంటె ఎక్కువ శక్తిని తినెడిది.

అయినను ఆ కొలది వాట్లతోనే వేయిమంది కూర్చుండు సినిమాశాలలు మారుమ్రోగినవి. 1932లో మన తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వెలువడిన కాలమునకు లోకమంతట తెర వెనుక నిలిచియున్నవి గొప్ప కొమ్ములే. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో మరియొక అద్భుతము జరిగెను. ఫిలడెల్ఫియా నగరమున వాద్యబృందము వాయించుచుండగా, బెల్ ప్రయోగశాలవారు మూడు మైకులతో ఆ సంగీతమును గ్రహించి, మూడు తీగలమీద 200 కిలోమీటర్లకు పైబడిన దూరమునగల వాషింగ్టన్ నగరమునకు పంపి, అచ్చటి సభామందిరమున మూడు లౌడ్‌స్పీకరు కొమ్ములద్వారా వినిపించిరి. ఆ బృందనాయకుడు స్టొకోవ్‌స్కీ తాను వాషింగ్టనుననే కూర్చుండి, చేతిక్రింది మరలతో ధ్వనిని సరిదిద్దెను. శూన్యమైన వేదికమీద కంటికి కానరాని వాద్యకారులు ఎడమను, కుడిని, నడుమను తమతమ స్థానములలో వాయించినట్లు సభ్యులకు తోచినదట. అపుడు క్లిప్ష్ స్టాన్‌ఫర్డులో విద్యార్థి. తరువాత ఆయన చేసిన పనికంతకు ఈ ప్రయోగఫలితములు పునాది అయినవి.

ఇచ్చట లెక్కలు వ్రాయువానిగా ఒక జమాఖర్చు చూపెదను. సామాన్యమైన ఇంటి లౌడ్‌స్పీకరులో కాగితపు శంకువొకటి ముందువెనుకలకు కదలి, గాలిని నెట్టును. అది ఎట్లున్నదనగా, విసనకఱ్ఱతో పందిరినంతను చల్లబరుప జూచినట్లు. శంకువునకును గాలికిని పట్టు కుదరదు. నూరుపాళ్లు విద్యుత్తు జమ యైనచో ఒక పాలు కూడ ధ్వనిగా ఖర్చుపడదు. తక్కినది తీగచుట్టలో వేడిగా మారి వ్యర్థమగును. నూటికి తొంబదితొమ్మిది రూపాయలు దారిలో పోవు పద్దును ఏ లెక్కలవాడు ఒప్పుకొనును? అదే శంకువు ముందర కొమ్మును అమర్చినచో సన్నని గొంతుకలోని గాలి శంకువునకు గట్టిగా పట్టిచ్చును. ఆ ఒత్తిడి కొమ్ములో క్రమముగా విస్తరించి గదిలోని గాలితో మెల్లగా కలియును. అపుడు నూటికి పదిపాళ్లు, ఉత్తమములైన సినిమా కొమ్ములలో అంతకును మించి, ధ్వనిగా దక్కును.

అట్లయిన మన జాతర మైకుసెట్టు కొమ్ము ఏల కర్కశముగా పలుకునని శంక కలుగును. దాని నోరు చిన్నది. మనుష్యుని మాటకు అది చాలును గాని, మద్దెల గుముకు చాలదు. స్థాయి దిగినకొలది ధ్వనితరంగము పొడవగును. క్షణమునకు 40 కంపనములు గల మంద్రస్వరముయొక్క తరంగము ఎనిమిదిన్నర మీటర్ల పొడవుండును. దానిని సరిగా వెలువరించుటకు గుండ్రని కొమ్మునోరు ఆరుబయట 9 అడుగుల అడ్డము ఉండవలెను. కొమ్ము పొడవును దానికి తగినంత. సినిమాశాల తెర వెనుక ఇట్టిదానికి చోటుండును. గృహస్థుని గదిలో దీనిని పెట్టినచో గృహస్థుడు వీథిలో ఉండవలసివచ్చును.

ఈ చిక్కుముడిని విప్పుటయే క్లిప్ష్ ప్రతిభ. గది మూలను చూడుడు. రెండు గోడలును నేలయు అచ్చట కలిసికొనును. మూలనుండి బయలుదేరిన ధ్వని అన్నివైపులకు పోజాలక, ఆరుబయటి వ్యాప్తిలో ఎనిమిదింట ఒక వంతులోనే ముందునకు సాగును. అనగా గోడలే కొమ్మునకు ప్రక్కలగును. ఇంటివారు సుతారియొద్ద కట్టించుకొన్న గోడలను కొమ్ములో కడపటి భాగముగా వాడుకొన్నచో, తయారుచేయవలసిన నోరు ఎనిమిదింట ఒక వంతైనను చాలును. ఇక కొమ్ము పొడవును ఆయన చెక్కపలకలతో పెట్టెలోపల మడతలు మడతలుగా త్రిప్పెను, పాము చుట్టచుట్టుకొన్నట్లు. ఇట్లు నాలుగడుగుల పైచిలుకు ఎత్తుగల బీరువాలో మంద్రస్వరములు పలుకు కొమ్ము ఇమిడినది. పై స్వరములకు వేఱుగా చిన్న కొమ్ములు పైని అమర్చబడినవి. ఈ మూలకొమ్మునుగూర్చి 1941లో ఆయన అమెరికా ధ్వనిశాస్త్ర పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. 1940 తరువాతి అయిదాఱు సంవత్సరములలో దీనికి పేటెంటు హక్కులు పొందెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. క్లిప్ష్ సైన్యములో చేరి, ఆర్కన్సా రాష్ట్రమున హోప్ అను చిన్న పట్టణమునొద్దగల ఫిరంగిగుండ్ల పరీక్షాక్షేత్రమునకు అధికారిగా వచ్చెను. హోప్ అనగా ఆశ. పుచ్చకాయలకు ప్రసిద్ధిగన్న ఊరు. పగలు గుండ్లు ప్రేలు చోట రాత్రులు ఆయన మూలకొమ్మును చెక్కుచుండెడివాడు. తోటి అధికారులు ఆయన బసకు వచ్చి, గదిమూలనుండి వినవచ్చు వాద్యబృందమును విని నివ్వెరపోయి, దీనిని నలుగురికి అందునట్లు తయారుచేయుమని ప్రోత్సహించిరి. యుద్ధము ముగియగా తక్కినవారు పెద్ద నగరములకు పోయిరి. క్లిప్ష్ మాత్రము ఆ చిన్న ఊరిని విడువలేదు. 1946లో తన పేర కంపెనీని స్థాపించెను. దాని కార్యాగారము ఒక రేకుల కొట్టము. యజమానియు, వడ్రంగియు, గుమాస్తాయు, పరీక్షాధికారియు ఆయన ఒక్కడే. రెండేండ్లు గడచిన తరువాతగాని మొదటి ఉద్యోగి చేరలేదు. పిమ్మట పరీక్షాక్షేత్రమునకు చెందిన పాత టెలిఫోను కార్యాలయ భవనమునకు కంపెనీ మారెను. ఆ భవనమే నేడు ఆయన స్మారకమైన వస్తుప్రదర్శనశాల.

కొమ్మువలన శక్తి మిగులుననుట ఆయనకు ముఖ్యము కాదు. మిగులుట ఒక సాధనము మాత్రమే. ఆయన కోరినది స్వచ్ఛత. ఈ మర్మమును గ్రహింపనివారు ఆయనను కేవలము పెద్దధ్వని కోరినవానిగా తలంతురు. వాద్యబృందమనగా ఏమి? డబుల్ బేస్ మంద్రమున గంభీరముగా పలుకుచుండగా, దానిపై వయొలినులు, ఆపైన వేణువు, నడుమ బాకాలు, అన్నియు ఒక్కసారి వినవచ్చును. ఒక్క గాయకునికైన ఏదో యొక లౌడ్‌స్పీకరు చాలును. నూరు వాద్యములకు చాలదు. ఏలనగా సామాన్యమైన శంకువు మంద్రస్వరమునకు అంగుళముమేర ముందువెనుకలకు ఊగవలెను. అట్లు ఊగుచునే అది ఇతర స్వరములను కూడ పలుకవలెను. స్టేషనులోనికి కూతవేయుచు వచ్చు రైలింజనును తలచుకొనుడు. మనవైపు వచ్చునపుడు కూత హెచ్చుస్థాయిలో వినవచ్చును. దాటిపోగానే తగ్గుస్థాయికి దిగును. ఊగు శంకువుమీద పలుకు స్వరముల గతియు అంతే. మంద్రస్వరము ఊపినపుడెల్ల పై స్వరము వణకును. శ్రోత దీనిని వణకుగా గుర్తింపడు. సంగీతము మసకబారినదనియు, వాద్యములు ఒకదానినొకటి మ్రింగుచున్నవనియు మాత్రము తోచును. రైలింజనులతో పనిచేసిన క్లిప్ష్‌కు ఈ న్యాయము కరతలామలకము. 1960 తరువాతి దశకములో ఈ దోషమును కొలిచి ఆయన పరిశోధన పత్రములు ప్రకటించెను.

కొమ్మునకు బిగించిన పొర గాలిపై గట్టి పట్టు గలది గనుక, అదే ధ్వనికి అత్యల్పముగా కదలిన చాలును. కదలిక తగ్గినచో దోషము తగ్గును. కనుక ఏ యంత్రము శక్తిని తక్కువగా వృథాచేయునో, ఆ యంత్రమే సంగీతమును తక్కువగా చెరచును. పొదుపును సత్యమును ఒక్కచోట కట్టిన ఈ సూత్రమే ఆయన జీవితమునకు సారాంశము. నాటి రాత్రి హరికథ చెడుటకు కారణము కూడ ఇందే కొంత దొరకినది. చేవలేని పెట్టెలలోనికి మేము అధికమైన శక్తిని త్రోసితిమి. ఆ శక్తి శంకువులను ఊపినది గాని పద్యమును పలికింపలేదు.

ఇక వాల్వుతో సంబంధమును చూతము. ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. 10 డెసిబెల్లులు పెరుగవలెనన్న శక్తి పదిరెట్లు కావలెను. 20 పెరుగవలెనన్న నూరురెట్లు. సామాన్యమైన ఇంటి పెట్టెకు 1 వాట్ ఇచ్చినచో మీటరు దూరమున 85 డెసిబెల్లులు పలుకుననుకొందము. క్లిప్ష్ మూలకొమ్ము అంతే శక్తికి దాదాపు 105 పలుకును. 8 వాట్ల 300బి వాల్వును ఆ పెట్టెకు తగిలించినచో 94 దగ్గర ఆగిపోవును. మూలకొమ్మునకు తగిలించినచో 114 వరకు పోవును. ఆ పెట్టెతో దీనిని అందుకొనవలెనన్న 800 వాట్లు కావలెను. వాద్యబృందము విషయమున ఈ భేదము ప్రాణప్రదము. ఒంటి వేణువు మెల్లగా పలుకునప్పటికిని, దుందుభులతో బృందమంతయు చెలరేగునప్పటికిని 60 డెసిబెల్లుల భేదముండవచ్చును. అనగా శక్తిలో పదిలక్షల రెట్లు. అల్పశక్తిగల వాల్వు ఆ ఉచ్చస్థితిలో అలసిపోయినచో తరంగపు శిఖరములు తెగిపోయి, బాకాలు బొంగురుపోవును. మూలకొమ్ముతో కలిసినపుడు అదే వాల్వు తన శక్తిలో వందవ వంతును కూడ వాడక సంగీతములో అధికభాగమును నడుపును. ఉచ్చస్థితికి మిగిలినది దాచియుంచును. పంట పండిన యేడు గాదెను నింపుకొన్న సంసారి కరవునకు వెఱవనట్లు.

అయితే ఈ జంటకు నియమములును కలవు. వాల్వు స్వభావముచేత వేలకొలది ఓముల భారమును కోరును. లౌడ్‌స్పీకరు 8 ఓములవంటి అల్పభారము. నడుమ పెండ్లిపెద్దవలె ట్రాన్స్‌ఫార్మరు నిలిచి ఉభయులకు పొత్తు కుదుర్చవలెను. ఆ ట్రాన్స్‌ఫార్మరు నాసిది యైనచో మంద్రస్వరములు పాడగును. మరియు ఇంతటి సున్నితమైన కొమ్ము సంగీతమునే కాక, ఆంప్లిఫయరులోని చిన్న గుంయ్‌మను రొదను కూడ దాచక చూపును. నూరు వాట్ల యంత్రముల గొప్ప నూరవ వాట్‌లో ఉండవచ్చును గాని, కొమ్ముముందు పరీక్ష మొదటి వాట్‌కే జరుగును. మొదటి వాట్ శుద్ధముగా లేనిచో తక్కినవి ఎన్ని యున్నను నిష్ప్రయోజనము. ఇంకొకటి: మూలకొమ్మునకు సరియైన మూలలు గల గది కావలెను, మూలలు లేనిచోట అది అంగవిహీనమే.

1947 చివర బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. 1960 తరువాత అది వాల్వును క్రమముగా తొలగించెను. వాట్లు చవుకయైనవి. పెట్టెలను చిన్నవి చేసి, అందువలన తగ్గిన ధ్వనిని వాట్లతో పూడ్చుట వాడుకయైనది. కంపెనీలు నూరు, ఇన్నూరు, అయిదునూర్లని పోటీపడినవి. లోకమునకు కావలసినది అట్టి యంత్రము కాదనియు, నిర్దుష్టమైన అయిదు వాట్ల ఆంప్లిఫయరే చాలుననియు క్లిప్ష్ వాదించుచుండెడివాడు. ఆయన వాల్వుపై మూఢభక్తి గలవాడు కాడు. ట్రాన్సిస్టరుపై ద్వేషమును లేదు. ఏది కొలతకును, చెవికిని నిలుచునో అదియే ఆయనకు ప్రమాణము. వాద్యబృందముల గానమును తానే టేపులపై గ్రహించి, ఆ టేపులతో తన కొమ్ములను పరీక్షించెడివాడు. విమానమును తానే నడుపువాడు. కోటు మడత లోపల పసుపుపచ్చని బిళ్ల యొకటి తగిలించుకొనెడివాడట. శాస్త్రమునకు నిలువని ప్రగల్భములు విన్నపుడు మడతను త్రిప్పి ఆ బిళ్లను చూపెడివాడు. దానిమీది మాట సభ్యమైనది కాదు గనుక ఇచ్చట వ్రాయను.

తన సిద్ధాంతమునకు తానే బందీ కాకపోవుట ఆయనయందలి మరియొక గుణము. బెల్ ప్రయోగమువలెనే రెండు మూలకొమ్ముల నడుమ మూడవ లౌడ్‌స్పీకరు అవసరమని గ్రహించి, 1957లో మూలతో పనిలేని చిన్నపెట్టెను చేసెను. మూలయే శరణ్యమని బోధించిన ఆచార్యుడు ఇట్లు చేయుట మతద్రోహము కాదా యని మిత్రుడొకడు పరిహసింపగా, కోపింపక, మతద్రోహమను అర్థము గల హెరెసీ యను పేరునే దానికి పెట్టెను. 1963లో రాక్‌ఫెలర్ అను నాయకుడు ఆర్కన్సా గవర్నరు పదవికై సాగించు ప్రచారమునకు వీలుగా, సులభముగా మోయదగిన కొమ్మును తయారుచేసి, దానికి ఇటలీలోని ప్రసిద్ధ సంగీతశాలయైన లా స్కాలా పేరు పెట్టెను.

1978లో ధ్వనియంత్ర శాస్త్రజ్ఞుల సంఘమువారు ఆయనకు రజతపతకము నొసగిరి. ఆయన చదివిన కళాశాల విశ్వవిద్యాలయమై, తన విద్యుద్యంత్ర శాఖకు ఆయన పేరు పెట్టుకొన్నది. 1989లో కంపెనీని తన బంధువునకు అప్పగించెను. ఆ వెనుకటి దశకములలో జపాను, ఐరోపా, అమెరికాలలో కొందరు సంగీతప్రియులు వాట్ల పోటీతో విసిగి, 2ఏ3, 300బి వాల్వులను మరల వెలికితీసి, కొమ్ములకు జతపరచి వినసాగిరి. వృద్ధుడైన క్లిప్ష్ ఏబది యేండ్లకు పూర్వమే నిలిపిన ద్వారముముందుకు లోకములో ఒక భాగము తిరిగివచ్చినది. 2002 మే 5వ తేదీన, తొంబదియెనిమిదవ యేట, తాను విడువని ఆ హోప్ పట్టణముననే ఆయన తుదిశ్వాస విడిచెను. 1946లో రేకుల కొట్టమున పుట్టిన మూలకొమ్ము, కొలది మార్పులతో, ఆయన తరువాతను తయారగుచునే యున్నది.

ఈ చరిత్రము చదివి మన గ్రంథాలయమునకు మూలకొమ్ములు కొనవలెనని నేను కోరుటలేదు. మన జమాఖర్చు నాకు తెలియును. అయితే వార్షికోత్సవము తరువాతి యేడు మేము చేసినది చెప్పి ముగించెదను. పెద్దసెట్టును మానివేసి, పాత చిన్న సెట్టునే శుభ్రపరచి తెచ్చితిమి. కొమ్ములను చెట్టుకొమ్మలకు కట్టక, గ్రంథాలయపు రెండుగోడలు కలియుచోట నిలిపి, జనులు కూర్చుండువైపు త్రిప్పితిమి. మరను సగమునకు మించి త్రిప్పవలదని యంత్రము నడుపువానికి చెప్పితిమి. ఆ రాత్రి ధ్వని పొరుగూరికి పోలేదు. వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మ మరునాడు గ్రంథాలయమునకు వచ్చి, దాసుగారు చెప్పిన పద్యము ఏ పుస్తకములో నున్నదని అడిగెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము నడచుచున్నది ఆ ప్రశ్న కొరకే గదా. పాల్ క్లిప్ష్ పేరు ఆమెకు తెలియదు. ఆయన ఋణము మాత్రము మన పద్దులో ఉన్నదని ఈ సంచికలో వ్రాసియుంచుచున్నాను.